తొమ్మిది గంటల లెక్క

"ఆ బూట్లు గుమ్మం బయటే ఉండనీ, ఇల్లంతా ఏటి కంపు!" అంది అత్తగారు. ఆరేళ్ళుగా రోజూ ఉన్న మాటే. కంపు బూట్లది కాదు, ఊరి నడుమ ఆనకట్ట కట్టి ఏటిని కుళ్ళబెట్టిన పెద్దమనుషులదని కోడలికి నోటిదాకా వచ్చింది. మింగేసి గిన్నెలు తోమింది. మింగడంలో ఆమెది అందెవేసిన చెయ్యి.

ఆమె ఉద్యోగం ఆ ఏరే. రోజూ తొమ్మిదింటికి ఆనకట్ట దిగువన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, అవే అయిదు రాళ్ళు ఎత్తి, అడుగున అంటుకున్న పురుగుల్ని లెక్కపెట్టాలి. శుభ్రమైన నీళ్ళలోనే బతికే పురుగులవి. "జీతమిచ్చి పురుగులు లెక్కపెట్టిస్తారట! మా ఇంటి బియ్యంలో బోలెడున్నాయి" అని మొగుడు ఎన్నిసార్లు స్నేహితుల్ని నవ్వించాడో. ఆ బియ్యం ఏరేదీ ఆమే.

ఏటేటా తగ్గిపోతున్న ఆ లెక్కలు చూసే ఆనకట్ట తీసేయాలని తేల్చారు. నిన్న సాయంత్రం చివరి గోడ కూలింది. అడ్డులేని ఏటికి ఇవాళే మొదటి రోజు. ఈ లెక్క తప్పితే మళ్ళీ తీయడం ఎవరి తరమూ కాదు.

తోముతుండగానే ఆఫీసరు ఫోను. "చూడమ్మా, ఆనకట్ట తీసిన సంబరానికి మంత్రిగారొస్తున్నారు. మంచి బట్టలు కట్టుకుని తొమ్మిదికల్లా ఏటి ఒడ్డున వేదిక దగ్గరుండు, పూలగుత్తి నువ్వే ఇవ్వాలి. లెక్కదేముంది, నిన్నటి అంకె వేసెయ్!"

"వేసెయ్, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు పక్కనే ఉన్న మొగుడు. "మధ్యాహ్నం మా అక్కావాళ్ళొస్తారు. వంట వేళకి వచ్చెయ్."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు జ్వరంలోనూ దిగింది ఆ నీళ్ళలోకి, పూలగుత్తి మొయ్యడానికా? బూట్లు తొడుక్కుని తిన్నగా ఏట్లోకి దిగింది. ఒకటో రాయి. రెండోది. అయిదోది. నిన్న నలభై రెండు. ఇవాళ ఒక్కటీ లేదు. లెక్కల పుస్తకంలో సున్నా వేసి సంతకం చేసింది.

పుస్తకం చూసి ఒడ్డున ఆఫీసరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "సున్నానా? మంత్రిగారి ముందు నా పరువు తీస్తావా?"

"ఏళ్ళ తరబడి పేరుకున్న బురద ఒక్కసారిగా కదిలి పురుగుల్ని ఊడ్చేసింది సార్. ముందు సున్నానే వస్తుంది. అది దాచితే రేపు నీళ్ళు తేరాక పెరిగే లెక్కనెవరూ నమ్మరు. పూలు మీరే ఇవ్వండి, మీకూ చేతులున్నాయిగా."

జేబులో ఫోను మోగింది. మొగుడు. "అక్కావాళ్ళు అప్పుడే వచ్చేశారు! ఎక్కడున్నావ్? వంటెవరు చేస్తారు?"

"ఏట్లో ఉన్నానండీ. బియ్యం డబ్బాలో ఉన్నాయి. పురుగులుంటాయి, ఏరి వండండి."