సన్న చెయ్యి

శ్రీపాల్ పటేల్ బర్రె రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. నోటి నుంచి సొంగ తీగలు తీగలుగా కారుతోంది. అరిస్తే గొంతు బొంగురు. ఇబ్రహీంపట్నం దగ్గరి ఆ పల్లెలో ఏ గొడ్డు మూలిగినా ముందుగా పిలిచేది గోపాలమిత్ర కొండల్‌నే. పేరుకు ఎదకొచ్చిన పశువులకు సూది వేయడం వరకే అతని పని. కానీ మందుపెట్టె పట్టుకున్న ప్రతివాడూ డాక్టరే అని ఊరి లెక్క. కాదని చెప్పే ఖర్మ అతనికేం పట్టింది? సారూ అని పిలిస్తే చెవికి తియ్యగానే ఉంటుంది కదా.

గొంతులో మామిడి టెంక ఇరుక్కుందని పటేల్ తేల్చేశాడు. కొండల్ దాని నోట్లో చెయ్యి పెట్టి చూశాడు. మొరటు చెయ్యి, మణికట్టు దాటి పోలేదు. గ్లౌజులు అయిపోయి నెల దాటింది. పక్కనే పటేల్ కొత్త వెంచర్‌లో పాలమూరు కూలీలు రోడ్డుకు కంకర పోస్తున్నారు. వాళ్లలో బాలనర్సమ్మ అనే ఆమె చెయ్యి బాగా సన్నం. ఆమెను పిలవమన్నది పటేల్ కాదు, ఇంకెవరూ కాదు, కొండలే. పిలవగానే తట్ట దించి వచ్చింది. గాజులు పైకి తోసుకుని మోచేతి దాకా పెట్టింది, ఒకసారి కాదు, రెండుసార్లు. టెంకా లేదు, గింకా లేదు. పళ్లు గీరుకుని చేతి వెనక నెత్తురు మాత్రం వచ్చింది. కొంగుతో తుడుచుకుని, పాపం దానికి నొస్తున్నట్టుంది అంటూ మళ్లీ కంకర దగ్గరికి పోయింది.

ఆ మర్నాడు బర్రె చచ్చింది. రెండు నెలల కింద పిచ్చికుక్క ఒకటి తిరిగి గొడ్లను కరిచిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది కొండల్ మహానుభావుడికి. బొటనవేలు మీద అంతకుముందే కోసుకున్న గాయం ఇంకా పచ్చిగానే ఉంది. పాతిపెడదామన్న పటేల్‌ను బతిమాలి, చేతులకు కవర్లు చుట్టుకుని, తలకాయ కోసి, థర్మకోల్ పెట్టెలో ఐసు నింపి హైదరాబాద్ బస్సెక్కాడు. కండక్టర్ అడిగితే చేపలన్నాడు. నిజం చెప్పాలంటే ఆ తలకాయ మోసింది ఊరి కోసం కాదు, తన ప్రాణం కోసం.

పశువుల ల్యాబ్‌లో పూజిత అనే డాక్టరమ్మ మెదడు ముక్కను గాజు పలక మీద అద్దింది. మెరిసే రంగు అంటించిన యాంటీబాడీ దాని మీద వేసి, ఆ తర్వాత కడిగింది. వైరస్ ఉంటే ఆ యాంటీబాడీ దాన్ని పట్టుకుని ఎంత కడిగినా వదలదనీ, లేకపోతే నీళ్లతోనే పోతుందనీ చెప్పింది. ఇమ్యునోఫ్లోరోసెన్స్ అంటారట. కొండల్‌కు నోరు తిరగలేదు. సాయంత్రం చీకటి గదిలోకి పిలిచి మైక్రోస్కోపులో చూడమంది. నల్లటి నలుపు మీద పెసర పొట్టు చల్లినట్టు ఆకుపచ్చ చుక్కలు, ఒక్కొక్కటీ వెలుగుతోంది. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. అందుకే అతనికి ఒళ్లు మండింది.

రేబిస్ అని చెప్పి ఆమె కాగితం తీసింది. మనిషికి నీళ్లంటే భయం మొదలైందంటే ఇక ఏ మందూ పని చేయదు, సూదులు ఆ లోపలే పడాలి అని మరీ మరీ చెప్పింది.

"నోట్లో చెయ్యి పెట్టింది ఎవరు?"

"నేనే మేడం."

"ఇంకెవరైనా ఉన్నారా? పేరు రాసిస్తే ఎక్కడున్నా వెతికించి సూదులు వేయిస్తాం."

పేరు నాలుక మీదే ఉంది. కానీ నీ పని కూలిమనిషితో ఎందుకు చేయించావని అడుగుతారు. ఉద్యోగం పర్మినెంట్ చేస్తారని ఎనిమిదేళ్లుగా గుమ్మాలు అరగదీస్తున్నవాడు. ఊరికి పోయి తనే ఆమెను బండి మీద తీసుకెళ్లి సూది వేయిస్తే సరిపోతుంది, మూడో కంటికి తెలియదు అనుకున్నాడు.

"నేనొక్కన్నే," అన్నాడు.

ఆ పూటే పెద్ద దవాఖానకు పోయి మొదటి సూది వేయించుకున్నాడు. ఊళ్లో దిగేసరికి వెంచర్ దగ్గర గుడిసెలు లేవు. మేస్త్రి రాంచంద్ర కూలీలందరినీ పొద్దున్నే లారీ ఎక్కించి ఇంకో సైటుకు తీసుకుపోయాడు. ఏ సైటుకో పటేల్ చెప్పలేదు సరికదా, రేబిస్ మాట ఊళ్లో ఎత్తావంటే తన ప్లాట్ల మొహం ఎవడూ చూడడని, నోరు మూసుకొమ్మని గదమాయించాడు. ఆ మర్నాడే పెళ్లాం పిల్లలను కారెక్కించుకుపోయి అందరికీ సూదులు వేయించుకొచ్చాడు పెద్దమనిషి.

ఔటర్ రింగు రోడ్డు కోసం నేలంతా తవ్విపోస్తున్న రోజులు. బొంగులూరు నుంచి మన్నెగూడ దాకా ఎక్కడ చూసినా తట్టలెత్తే ఆడవాళ్లే. రెండో సూది నాటికి కొండల్ ఇరవై సైట్లు తిరిగాడు. మూడో సూది నాటికి మేస్త్రి ఫోన్ నంబర్ దొరికితే, బాలనర్సమ్మను సూదులకు పంపమని అడిగాడు. పంపిస్త సార్, ఫికర్ చెయ్యకు అని, ఎక్కడున్నదీ చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు మేస్త్రి. పంపించే ఉంటాడని కొండల్ అనుకున్నాడు. అనుకోవడానికేం, ఖర్చా? నాలుగో సూది నాటికి వెతకడమే మానేశాడు. డాక్టరమ్మకు ఒక్క ఫోన్ కొడితే సర్కారే కదిలేది. నంబర్ జేబులోనే ఉంది. కొడితే తన అబద్ధం బయటపడుతుంది. సిగ్గుమాలినవాడికి ఆ సిగ్గొక్కటే అడ్డమొచ్చింది.

ఇరవై ఎనిమిదో రోజు అయిదో సూది వేయించుకుని చొక్కా చెయ్యి దించుకుంటుంటే మేస్త్రి నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి గొంతులో ధీమా లేదు.

"సార్, గామె నీళ్లు చూస్తే భయపడ్తున్నది. బాలాపూర్ కాడున్నం. జల్ది రా."

రేకుల షెడ్డులో బాలనర్సమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గాలి సోకిందని మెడలో తాయెత్తు కట్టారు. ఒక గడియ ఒళ్లంతా కొట్టుకుంటోంది, ఇంకో గడియ మామూలు మనిషి. ఒక రోజు పని పోతుందని సూది సంగతి ఆమెకు చెప్పనే లేదని మేస్త్రి ఒప్పుకున్నాడు. అప్పుడు సూది ఏపిస్తనన్నరట గద, ఇప్పుడు ఏపియ్యిన్రి సారూ అని ఆమె మొగుడు కొండల్ కాళ్లు పట్టుకున్నాడు. కొండల్ బయటికి పోయి దవాఖాన బండికి ఫోన్ చేశాడు. అది ఎందుకూ కొరగాని ఫోన్ అని అతనికి తెలుసు. వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

"అక్కా, అప్పుడు అడిగిన్రు. నీ పేరు నేను చెప్పలే," అన్నాడు.

ఎవరు అడిగారో, ఏం పేరో ఆమెకు బోధపడలేదు. గుటక వేయబోయి, రాక, కాసేపు ఆయాసపడింది. తర్వాత అతని చేతుల వైపు చూసింది.

"సారూ, ముందుగాల మీరే గద దాని నోట్ల చెయ్యి పెట్టింది. మీకేం కాలే గద?"

"ఏం కాలే."

"మంచిగైంది సారూ," అన్నది బాలనర్సమ్మ. "పిల్లలు గలోళ్లు."