తిరిగి వచ్చిరి

ఆ వాక్యాన్ని పిల్లల చేత పదేసిసార్లు రాయించింది నేనే. ముందు ఆ తప్పు ఒప్పుకుని, తర్వాత దాన్ని రాసినవాళ్ళని తిడతాను.

పందొమ్మిది వందల అరవై నాలుగు. అద్దంకి దగ్గర మా మిషన్ బడికి కొత్త సాంఘిక శాస్త్రం పుస్తకాలు వచ్చాయి. చైనా యుద్ధానికి అందులో దక్కింది నాలుగే వాక్యాలు. చివరిది ఇది: "మన సైనికులు అసమాన శౌర్యము చూపి తిరిగి వచ్చిరి." ఓడిపోయాం అన్న మాట భూతద్దం పెట్టి వెతికినా లేదు.

ఆ వాక్యం రాయించిన మర్నాడు మధ్యాహ్నం వీరమ్మ తన మనవరాలి పుస్తకం పట్టుకుని మిరప కల్లం నుంచి నేరుగా బడికొచ్చింది. చేతులకున్న కారం అంటకుండా పుస్తకాన్ని కొంగుతో పట్టుకుంది. ఆమె కొడుకు దానయ్య ఆ యుద్ధానికి వెళ్ళాడు. 'కనిపించుట లేదు' అంటూ రెండేళ్ళ క్రితం వచ్చిన తంతిని ఆమెకు చదివి చెప్పింది కూడా నేనే.

"జక్రయ్య మేష్టారూ, అందరూ తిరిగొచ్చారంటగా! పొద్దున పిల్ల చదివింది. మావాడు ఏ ఊళ్ళో ఉన్నాడు?"

పుస్తకం అందుకుని ఆ వాక్యం మీద వేలు పెట్టాను.

"ఇళ్ళకి కాదు వీరమ్మక్కా. ఓడిపోయి వెనక్కొచ్చారని దానర్థం. రానివాళ్ళు చాలామందే ఉన్నారు."

"ఓడిపోతే ఓడిపోయామని రాయడానికేం రోగం? తెగులొచ్చి మిరప చేను పోతే పోయిందనే అంటాంగా! పంట తిరిగొచ్చిందంటామా?"

నాకూ ఒళ్ళు మండింది. పలచటి గుడ్డలతో, తుపాకులు చాలక, మన పిల్లల్ని మంచులో నిలబెట్టినందుకు ఎవరికీ సిగ్గేయలేదు. ఆ సంగతి రాయడానికి మాత్రం సిగ్గేసింది. కప్పిపుచ్చడానికి ఓ చక్కటి గ్రాంథికం ముక్క దొరికింది.

వీరమ్మ గొంతు తగ్గించింది.

"కల్లంలో ఏమంటున్నారో తెలుసా అయ్యా? అందరూ వస్తే నీ కొడుకేడే, ఎటన్నా పారిపోయాడా అంటున్నారు. పుస్తకంలో అచ్చేశారు గదా, ఇంక నా మాట ఎవరు నమ్ముతారు?"

తరగతిలోని ముప్పై ఎనిమిది పుస్తకాలూ బల్ల మీద పెట్టించాను. ఎర్రసిరా తీసి ఒక్కొక్కదాంట్లో ఆ వాక్యం కొట్టేసి పైన రాశాను: "ఓడిపోయాం. చాలామంది తిరిగి రాలేదు." ఇన్‌స్పెక్టరు చూస్తే ఉద్యోగం ఊడుతుందని తెలుసు. ఊడితే ఊడనీ.

చివరి పుస్తకం అయ్యేదాకా వీరమ్మ నిలబడే ఉంది. ఎర్రగా ఏం రాశానో చదివించుకుని వింది.

"ఈ ఊళ్ళో దిద్దారు, సరే మేష్టారూ. ఒంగోల్లో, గుంటూర్లో, తక్కిన ఊళ్ళన్నిట్లో మా దానయ్య పారిపోయినోడేగా?"