ఎడమవైపు జుట్టు

ఫిలోమినా విగ్గును ఒళ్ళో బోర్లించి చివరి నుంచి దువ్వుతోంది. పెదవుల మధ్య నాలుగు పిన్నులు. ఎడమ చెయ్యి జుట్టును మధ్యలో బిగించి పట్టుకుంది. కుడిచేతిలోని దువ్వెన కింద జానెడు మేర మాత్రమే ఆడుతోంది. చిక్కును కుదుళ్ళ నుంచి లాగేవాళ్ళకి ఈ పని రాదు. చివర విడితే పైన దానంతటదే విడుతుంది.

టైము ఏడుంపావు. గురువారం. షూటింగు కోసం అద్దెకు తీసుకున్న జూబ్లీహిల్స్ బంగళాలో, వంటింటి పక్క గది మేకప్ రూము.

ఆమెకు యాభైమూడేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. జుట్టు వంకీలు తిప్పే ఇనుపకడ్డీ కాల్చి కాల్చి వేళ్ళ కొసలు నల్లబడిపోయాయి. మెడలో నల్లతాడుకు మరియమాత పతకం. సొంత జుట్టు మాత్రం నిమ్మకాయంత ముడి. దాన్ని అద్దంలో చూసుకుని ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలీదు. మద్రాసులో పద్దెనిమిదేళ్ళు, సినిమాలతో పాటే హైదరాబాదు వచ్చి పన్నెండేళ్ళు. ఇన్నేళ్ళూ ఆమె చూసింది వేరేవాళ్ళ తలలే.

ప్రొడక్షన్ మేనేజర్ చలపతిరావు గుమ్మంలోంచి తల పెట్టాడు.

"ఫిలోమినమ్మా, మేడమ్ వచ్చేస్తున్నారు."

"రానివ్వండి. నేను మాత్రం ఒంటిగంటకి వెళ్ళిపోవాలండీ. నిన్ననే చెప్పాను" అంది పిన్నుల సందులోంచే.

"మళ్ళీ ఆ ముసలమ్మేనా? ఏంటి, యేసుప్రభువు కూడా మీ దగ్గర కాల్షీటు తీసుకున్నాడా?"

ఫిలోమినా నోట్లోంచి పిన్నులు తీసింది. "తీసుకున్నాడండీ. రెండుసార్లు నేనే క్యాన్సిల్ చేశాను."

చలపతిరావు నవ్వుతూ వెళ్ళాడు. ఆమె నవ్వలేదు.

ఇది మొదలైంది నాలుగు వారాల కిందట, ఒక ఆదివారం. ఆ రోజు చర్చిలో, పూజలో ఫాదర్ గట్టిగానే మాట్లాడాడు. "కానుకల పెట్టెలో వేసేది వేస్తున్నారు, సంతోషం. కానీ పొరుగువాడి మంచం పక్కన కూర్చోవడానికి పెట్టె పనికిరాదు. మనిషి కావాలి. మీ చేతులకు ఏ పని వచ్చో ఆ పనే పట్టుకెళ్ళండి" అన్నాడు.

పూజ అయ్యాక బయట బల్ల వేసుకుని రిటైరైన నర్సు తెరెసా రోగుల దగ్గరికి వెళ్ళేవాళ్ళ పేర్లు రాసుకుంది. ఫిలోమినా అలాంటి బల్లల్ని చాలా చూసింది. చూసి, పక్కనుంచి తప్పుకుని బస్సెక్కేది. షూటింగు ఉందంటే ఎవరూ ఏమీ అనరు. ఏలూరులో తల్లి పోయిందని టెలిగ్రాము వచ్చిన రోజు కూడా ఊటీలో హీరోయిన్ జడ అల్లడం పూర్తి చేసి, పూలు పెట్టి, ఆ తర్వాతే బయల్దేరింది. వెళ్ళేసరికి మట్టి కూడా ఆరిపోయింది. ఆ ఆదివారం అది గుర్తొచ్చి కాళ్ళు బల్ల దగ్గరే ఆగిపోయాయి.

"నాకు తల దువ్వడం తప్ప ఏమీ రాదు సిస్టర్."

"అదే కావాలి. నువ్వు రాకపోతే నేనే కత్తెర పట్టుకెళ్దామనుకుంటున్నా" అంది తెరెసా.

ఆ తల ఎల్లమ్మది. ఫిల్మ్‌నగర్ బస్తీలో రేకుల గది. ఈ కొండమీది బంగళాలు కడుతున్నప్పుడు ఇసుక తట్టలు మోసిన మనిషి. జ్వరంతో మంచాన పడి మూడు నెలలైంది. నా అన్నవాళ్ళు లేరు. పక్కింటి కౌసల్య గంజి పోస్తోంది. దువ్వే దిక్కులేక జుట్టంతా జడలు కట్టి, తల వెనక గట్టి ముద్దలా తయారైంది. వెల్లకిలా పడుకుంటే అది గుచ్చుతుంది. ఒకవైపే పడుకుని పడుకుని భుజం ఒరిసిపోయింది. బస్తీ ఆడవాళ్ళు ముట్టుకోవడానికి భయపడ్డారు. జడలు కట్టిందంటే అమ్మవారు వచ్చినట్టేనని వాళ్ళ నమ్మకం.

"అమ్మవారు లేదు, ఏం లేదు" అంది ఎల్లమ్మ ఆ గురువారం, మొదటిరోజే. "మూన్నెల్లు దువ్వకుంటే ఎవలికైనా గిట్లనే అయితది. కాని కత్తెర మాత్రం పెట్టకు బిడ్డా. నా ఒంటి మీద మిగిలింది గా ఎంటికలే."

ఫిలోమినా కొబ్బరినూనె పట్టించి కింద కూర్చుంది. నాలుగు గంటలు పట్టింది. ఒక్కొక్క పాయే వేలితో విడదీసి, చివరి నుంచి దువ్వి, కుడివైపంతా విడదీసింది. ఎల్లమ్మ మధ్యలో నిద్రపోయింది. లేచి కుడివైపు చెయ్యి పెట్టి తడుముకుంది.

"ఓ కౌసల్యా, చూసినవా! సిన్మాలకు పోవచ్చు నేను."

"పోదువులే. ఎన్టీవోడు ఎదురుచూస్తుండు నీకోసం" అంది కౌసల్య గడపలోంచి.

చీకటి పడుతోంది. మిగతా సగానికి ఫిలోమినా ఇంకాస్త నూనె పట్టించి గట్టిగా గుడ్డ చుట్టింది. సగం పని అయిన విగ్గును ఎలా చుట్టి పెడుతుందో అలాగే. చెప్పడం కూడా స్టూడియోలో అసిస్టెంట్లకు చెప్పినట్టే చెప్పింది.

"ఎవర్నీ తాకనివ్వద్దు. గుడ్డ విప్పొద్దు. వేరే చెయ్యి పడితే మళ్ళీ మొదటికొస్తుంది. వచ్చే గురువారం నేనొచ్చి పూర్తి చేస్తాను."

గురువారమే ఎందుకంటే, హీరోయిన్ ప్రతివారం ఆ సాయంత్రం విమానంలో మద్రాసు వెళ్తుంది. ఒంటిగంటకే ప్యాకప్. కానీ తర్వాతి గురువారం గండిపేటలో పాట పడింది. ఆ పై గురువారం కొత్త విగ్గు సరిపోక సాయంత్రం దాకా కుట్టుకుంటూ కూర్చుంది. ఇవాళ తప్పకూడదు. పొద్దున బస్సెక్కేటప్పుడే సంచిలో నూనె సీసా పెట్టుకుంది.

పన్నెండున్నరకి నాలుగు షాట్లు అయ్యాయి. ఒకటే మిగిలింది. వానలో తడిసిన హీరోయిన్ ఇంటి మెట్లెక్కి తలుపు కొట్టాలి. ఒంటిగంటకి వాన యంత్రం మొరాయించింది. బాగుచేసేసరికి రెండవుతుందన్నారు.

అసిస్టెంటు లీలాకుమారి దగ్గరకొచ్చింది. చురుకైన పిల్ల. రెండేళ్ళుగా ఆమె కిందే పనిచేస్తోంది.

"మీరు వెళ్ళండక్కా. నేను చూసుకుంటాను."

"నువ్వా? మొన్న తీసిన షాటులో ఎడమ చెంప మీద ఎన్ని పాయలు పడ్డాయో చెప్పు."

"మూడు."

"రెండు. మూడోది చెవి వెనక. తెరమీద తేడా వస్తే ఎవర్ని అడుగుతారు? నిన్నా, నన్నా?"

ఫిలోమినా సంచి భుజానికి తగిలించుకునే ఉంది. గేటు ఇరవై అడుగుల దూరంలో ఉంది. అప్పుడే హీరోయిన్ కుర్చీలోంచి పిలిచింది.

"ఫిలోమినక్కా, వెళ్ళిపోతున్నారా? మీ చెయ్యి లేకపోతే నా తల నాది కాదు."

ముప్ఫై ఏళ్ళలో ఆమెకు దొరికిన పెద్ద బహుమతులన్నీ ఇలాంటి మాటలే. సంచి భుజం మీంచి దిగి గోడవారకి చేరింది. ఎల్లమ్మ ఎక్కడికి పోతుంది, కాస్త ఆలస్యంగా వెళ్తే ఏమవుతుంది అనుకుంది.

వాన మూడుంపావుకి పడింది. ఫిలోమినా రెండు పాయలు చెంప మీదకి లాగి, మూడోది చెవి వెనక్కి తోసి, వెనక్కి వచ్చింది. దర్శకుడు కెమెరాలోంచి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"కొంగు తలమీదుగా కప్పుకోమ్మా. వానలో ఆడపిల్ల అలాగే కదా వస్తుంది."

హీరోయిన్ కొంగు కప్పుకుంది. ఒక్క వెంట్రుక కనబడలేదు. టేకు ఓకే.

లీల ఆమె వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది.

ఫిలోమినా సంచి తీసుకుని దాదాపు పరుగెత్తింది. బంగళాల ప్రహరీలు దాటి, కొండ దిగి, షేక్‌పేట వైపు తిరిగే మట్టిదారిలోంచి బస్తీలోకి దిగింది. దారంతా లెక్కలే. నాలుగున్నరకి మొదలుపెడితే ఎనిమిదిన్నరకి అవుతుంది. కౌసల్య ఇంట్లో లాంతరు అడగాలి. రాత్రికి ముసలమ్మ వెల్లకిలా పడుకుంటుంది.

గది తలుపు తీసి ఉంది. కౌసల్య బకెట్‌తో నీళ్ళు కుమ్మరించి నేల కడుగుతోంది. మంచం బయట గోడకి నిలబెట్టి ఉంది.

ఫిలోమినా గడపలోనే ఆగిపోయింది.

"పొద్దుగాల పానం పోయిందమ్మా" అంది కౌసల్య చీపురు ఆపకుండా. "తొమ్మిది గొట్టంగ. అందరు కలిసి పన్నెండింటికే తీస్కపోయిండ్రు. ఎవలున్నరు ఆగనీకి?"

ఒంటిగంటకి వచ్చినా అందేది కాదన్నమాట. ఆ ఆలోచన ఒక్క క్షణం ఊరట ఇచ్చింది. మరుక్షణం గండిపేట పాట, కుట్టిన విగ్గు గుర్తొచ్చాయి.

"జుట్టు..." అంది.

"గట్లనే పోయింది. మేం భయపడేది నిజమేగాని, పది దినాల కింద నేనే ధైర్యం చేసి కత్తెర తెచ్చిన. భుజం పుండు పడ్డది, సూడలేకపోయిన. నా చెయ్యి గుంజి పడేసింది. ఫిలోమినమ్మ తాకనీయొద్దన్నది, తనే వస్తనని చెప్పిందన్నది." కౌసల్య నడుము నిటారు చేసి ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వు రానని ఒక్క మాట చెప్పినా కోసేస్తుంటి. నాలుగు దినాలన్న సాఫుగా పండుతుండె."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

ఫిలోమినా లోపలికి వచ్చింది. తడినేల మీద ఎక్కడ నిలబడాలో తెలీలేదు. సంచిలో నూనె సీసా బరువుగా వేలాడుతోంది. ప్రార్థన చెప్పుకోవాలనుకుంది. మొదటి మాట దగ్గరే ఆగింది.

"గింకోటి మర్చిన" అంది కౌసల్య. బయటికి వెళ్ళి ఏదో తెచ్చి నేల మీద పెట్టింది. "నీదే ఇది. ఆ పొద్దు నువ్వు గోడ పట్టుకొని లేసినవట, మోకాళ్ళు నొస్తున్నయేమో అన్నది ఎల్లమ్మ. సెట్టింగుల కాడ పనిచేస్తడు గదా మా పోరడు భిక్షం, వాని పానం తీసి చేయించింది. కింద కూసోవద్దట నువ్వు."

పడేసిన సెట్టు చెక్కతో కొట్టిన చిన్న పీట. ఒక పక్క ఏదో రాజమహలు స్తంభానికి వేసిన బంగారు రంగు ఇంకా మెరుస్తోంది, పైన చెక్క మాత్రం ముల్లు తగలకుండా నున్నగా గీకి ఉంది.