శేషారత్నం గారి లాడ్జి సెట్టు

శేషారత్నానికి అబద్ధం చెప్పడం చేతకాదు. చేతకాని పనులనే మనిషి ధైర్యంగా చేస్తాడు కదా, ఆవిడా అంతే.

ముప్పయ్యేళ్లు సినిమావాళ్లకు బట్టలు కుట్టి ఫిల్మ్ నగర్‌లో ఓ మేడ కట్టుకుంది. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాక, ఇంటర్వ్యూలకూ ట్రైనింగులకూ వచ్చే పిల్లలకు పైనున్న నాలుగు గదులూ రోజువారీ అద్దెకివ్వడం మొదలుపెట్టింది. హాల్లో ఓ బల్ల, దాని మీద గంట, గోడకు తాళంచెవుల పలక. అన్నీ ఉన్నాయి. లేనిదల్లా రిజిస్ట్రేషన్. ఇలా రోజుల లెక్కన గదులిచ్చే ఇళ్లు మునిసిపల్ ఆఫీసులో నమోదు చేయించుకోవాలని, లేకుంటే సీలు వేస్తారని పేపర్లో చదివింది. చదివి, ఆ పేపరును అలమరలో చీరల కింద పరిచేసింది. ఆఫీసు గడప తొక్కితే ఏమడుగుతారోనని భయం. సీలు పడితే మాత్రం తెనాలిలో తమ్ముడి పంచన చేరాలి, మరదలు కలిపిన కాఫీ తాగాలి. ఆ కాఫీ సంగతి ఆవిడకు బాగా తెలుసు.

ఓ మంగళవారం పొద్దున్నే లైసెన్సుల ఇన్‌స్పెక్టర్ వీరయ్య గేటు ముందు స్కూటర్ దిగాడు. చంకలో ఫైలు, చేతిలో లక్కా సీలూ ఉన్న సంచి. బల్లనూ గంటనూ తాళంచెవులనూ తేరిపార చూసి, ఇదేంది, లాడ్జా అని అడిగాడు.

"సెట్టు బాబూ," అంది శేషారత్నం. "సినిమా కోసం వేశారు."

ఇంకో పేటలో అయితే ఈ మాటకు నవ్విపోయేవారు. ఫిల్మ్ నగర్‌లో నిన్నటి పోలీస్ స్టేషన్ ఇవాళ ఆసుపత్రి అవుతుంది, రేపటికి గుడి అవుతుంది. వీరయ్య మంచిగనే వేసిన్రని మెచ్చుకుని, మెట్ల కింది కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు. అంతలో ట్రైనింగుకొచ్చి వారంగా పై గదిలో ఉంటున్న పృథ్వీరాజ్ తువ్వాలు భుజాన వేసుకుని దిగొచ్చి, గీజర్ పనిచేయడం లేదన్నాడు.

"మా హీరో. డైలాగు బట్టీ పడుతున్నాడు," అంది శేషారత్నం, అతని వైపు కళ్లురిమి చూస్తూ. పరిస్థితి అర్థమై పృథ్వీరాజ్ గీజర్ సంగతే మళ్లీ రాగం తీసి వినిపించాడు.

గండం గడిచిందనుకుంది. వీరయ్య కదల్లేదు. పక్కనే షేక్‌పేటలో పుట్టి పెరిగి కూడా ఒక్కసారీ కెమెరా ముందు నిలబడలేదని, ఏదైనా చిన్న వేషం ఇప్పించమని అడిగాడు. ఇన్‌స్పెక్టర్ వేషమైతే వేరే బట్టలు కూడా అక్కర్లేదన్నాడు. మింగలేక కక్కలేక, శేషారత్నం పృథ్వీరాజ్ కొత్తగా కొన్న వీడియో కెమెరాను తెప్పించి వాడి చేతే పట్టించి, యాక్షన్ అంది.

వీరయ్య గేటు దగ్గర్నుంచి నడిచొచ్చి, బల్ల చరిచి, లాడ్జి నడుపుతున్నవా అని గర్జించాడు. ఇక్కడే ఆవిడ తన కొంప తానే ముంచుకుంది. ముప్పయ్యేళ్లు హీరోయిన్ల జాకెట్లకు హుక్కులు కుట్టింది గాని, ఒక్కనాడూ కెమెరా తన వైపు తిరగలేదు. ఇప్పుడు తిరిగింది. ఒళ్లు మరిచిపోయింది.

"నడుపుతున్నాను బాబూ. నాలుగు గదులు, మూడేళ్ల నుంచీ. భయమేసి రిజిస్టర్ చేయించలేదు. ఇవి మూస్తే నాకింకో దారి లేదు."

గ్లిజరిన్ లేకుండానే కన్నీళ్లొచ్చాయి. వీరయ్య ఫైల్లోంచి కాగితం తీసి, ఆవిడ చెప్పినవన్నీ రాసి, సంతకం పెట్టమన్నాడు. పెట్టి, కట్ అంది. వీరయ్య కాగితం మడిచి ఫైల్లో దాచుకున్నాడు.

"అమ్మా, సెట్టుల నల్లా తిప్పితే నీళ్లొస్తయా?" అన్నాడు మెల్లగా.

శేషారత్నం కుర్చీలో కూలబడి సంచి వైపు చూసింది. వీరయ్య దాన్ని ముట్టుకోలేదు. ఆవిడ సంతకం పెట్టింది రిజిస్ట్రేషన్ దరఖాస్తు మీదన్నాడు. వచ్చింది సీలు వేయడానికేగాని, దరఖాస్తు చేతికందాక ఇక సీలుతో పని లేదని, గదులు నడుపుకోవచ్చని చెప్పాడు. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

వెళ్లబోతూ వీరయ్య ఆగాడు. వేషం మీద మోజు మాత్రం నిజమేనని సిగ్గుపడుతూ ఒప్పుకుని, తీసింది ఒక్కసారి చూపించమన్నాడు. పృథ్వీరాజ్ కెమెరాను అటూ ఇటూ తిప్పి నీళ్లు నమిలాడు. బటన్ నొక్కడం మరిచిపోయాడట.

వీరయ్య మొహమూ శేషారత్నం మొహమూ ఒక్కసారే వాడిపోయాయి. శేషారత్నం కళ్లు తుడుచుకుని లేచి, వీరయ్య చొక్కా కాలరు సర్ది, బల్ల వెనక నిలబడింది. వీరయ్య గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. పృథ్వీరాజ్ ఈసారి బటన్ నొక్కానని రెండుసార్లు చెప్పాడు.

"ఇదేంది, లాడ్జా?" గర్జించాడు వీరయ్య.

"లాడ్జే బాబూ," అంది శేషారత్నం, కెమెరా వైపు కాస్త తిరిగి. "కాగితం మీ ఫైల్లోనే ఉంది, చూసుకోండి."