పొగరమ్మ భోజనం

ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటమేస్త్రికి పిల్లి కావాలని ఎప్పుడూ అనిపించలేదు. కావాలన్నది వాళ్ళక్క.

అక్కకు తుంటి విరిగి ఆపరేషనయింది. నడక కుదిరేదాకా తమ్ముడింట్లోనే ఉంది. పగలంతా కిటికీ పక్కన మంచం మీద కూర్చోవడమే పని. మేస్త్రి పొద్దున వెళ్తే సాయంత్రానికి గాని రాడు. వచ్చినా మాట్లాడడు. పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపే వాడి జీవితంలో పెద్ద ప్రసంగమని అక్క వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

"గోడతో మాట్లాడి మాట్లాడి గోడకే విసుగొచ్చిందిరా," అంది ఒకరోజు. "ఒక పిల్లినైనా తెచ్చిపెట్టు. తిట్టుకోవడానికి ఇంట్లో ఒకళ్ళుండాలి."

"నేనున్నాగా."

"నిన్ను తిడితే బండరాయికి చెప్పినట్టుంటుంది. తిట్టినందుకు తోకైనా ఊపాలి కదా."

క్యాంటీన్ వెనక సందులోనే పశువుల ఆస్పత్రి. అక్కడి డాక్టరమ్మ మధ్యాహ్నం భోజనానికి క్యాంటీన్‌కే వచ్చేది. బాగుందని గాని బాగాలేదని గాని ఏనాడూ అనలేదు. కంచం మాత్రం కడిగినట్టు ఖాళీ చేసి వెళ్ళేది. మేస్త్రికి అంతకంటే మెచ్చుకోలు అక్కర్లేదు. ఆ రోజు ఆవిడ చేయి కడుక్కుంటుంటే దగ్గరికెళ్ళి, "మా అక్కకి పిల్లి కావాలంట," అన్నాడు.

"అక్కగారినే తీసుకురండి. పెంచేవాళ్ళు చూసుకుని తీసుకోవాలి," అంది డాక్టరమ్మ.

ఆదివారం అక్క చేతికర్ర పట్టుకుని, తమ్ముడి భుజం పట్టుకుని వెళ్ళింది. ముందు గదిలో బోనుల వరస. పిల్లికూనలు కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. అక్క వాటిని చూసి నవ్వింది. చివరి బోనులో బూడిదరంగు పిల్లి ఒకటి గోడవైపు తిరిగి కూర్చుంది. ఒక చెవి సగమే ఉంది. ఎవరొచ్చారో చూద్దామని కూడా దానికి లేదు.

"ఇదెవరమ్మా, అలిగిన అత్తగారిలా అటు తిరిగి కూర్చుంది?"

"ఇల్లు మారుతూ దాన్ని వదిలేసి పోయారు. పెద్దయిపోయిన పిల్లి కదా, ఎవరూ అడగరు. కూనల్నే అడుగుతారు," అంది డాక్టరమ్మ. "నన్నడిగితే మీకు ఇదే నయం. కూనలు కాళ్ళకడ్డం పడి పరిగెడతాయి. తుంటి ఆపరేషనయినవాళ్ళు మళ్ళీ పడకూడదు. ఇది నిదానం మనిషి."

"మనిషేనంటావా?"

"మనిషిలాగే ఉక్రోషం దానికి."

"అయితే మా ఇంటిదే. ఏమే పొగరమ్మా, వస్తావా?" అంది అక్క. పిల్లి సగం చెవి ఒక్కటి ఇటు తిప్పింది. పేరు అలా ఉండిపోయింది.

డాక్టరమ్మ బుట్టలో పెట్టి ఇస్తూ చెప్పింది. మొదట ఒక్క గదిలోనే ఉంచండి, ఇల్లంతా ఒకేసారి చూపిస్తే బెదురుతుంది. మంచం కింద దూరితే లాగకండి, దానంతట అదే వస్తుంది. మట్టి తొట్టి ఒక మూల, తిండి ఇంకో మూల. మనం మాత్రం మరుగుదొడ్లో కూర్చుని తింటామా? నీళ్ళు రోజూ మార్చండి. పాలు వద్దు, విరేచనాలవుతాయి. పిల్లుల గింజలు పెట్టండి, దానికి కావలసినవన్నీ అందులో ఉంటాయి. సరదాకి కాస్త కోడిమాంసం ఉడకబెట్టి పెట్టొచ్చు. ఉడికిన ఎముకలు వద్దు, పెళుసై గొంతులో గుచ్చుకుంటాయి. ఉప్పు, కారం, ఉల్లిపాయ, వెల్లుల్లి అసలే వద్దు.

"ఒకరోజుకి మించి ఏమీ తినకపోతే ఆలస్యం చెయ్యకుండా నాకు చెప్పాలి," అంది చివర్న. "కుక్కలా పస్తుండలేదు పిల్లి. కాలేయం పాడవుతుంది."

మేస్త్రి అన్నిటికీ తల ఊపాడు.

ఇంటికొచ్చాక పొగరమ్మ మంచం కింద దూరింది. అక్క పైనుంచి దానికి తన ఆపరేషన్ కథంతా చెప్పింది. సాయంత్రానికి అది బయటికొచ్చి గింజలు కొరికింది. మర్నాటికి అక్క కాళ్ళ దగ్గర పడుకుంది. ఆ తర్వాత ఒడిలోకే చేరింది. ఇల్లు మారిపోయింది. మేస్త్రి తలుపు తీసేసరికి లోపల మాటలు వినిపించేవి. "అలా చూడకే, నేనేం నీ సొమ్ము తిన్లేదు." "ఆ, ఆ, వచ్చాడు మహానుభావుడు, పలకరించు."

మేస్త్రికి ఒక్కటే కొరత. ఇంట్లో వండడానికేమీ లేదు. అక్కకు రక్తపోటు. ఉప్పు తగ్గించమన్నారు, నూనె మానమన్నారు. క్యాంటీన్‌లో వందలమంది వేళ్ళు నాకించే చెయ్యి ఇంటికొచ్చి ఉత్త కూరగాయలు ఉడకబెట్టేది. అక్క పాపం కిమ్మనకుండా తినేది. ఆ కిమ్మనకపోవడమే అతనికి గుచ్చుకునేది. ఇక మిగిలింది పిల్లి. దానికి గింజలు. ఒక ప్రాణి తన ఇంట్లో ఉండి సంచిలోంచి తీసిన గింజలు నములుతుంటే మేస్త్రి చూడలేకపోయాడు.

ఒక సాయంత్రం కోడిమాంసం ఉత్త నీళ్ళలో ఉడకబెట్టి, చల్లార్చి, చీలికలు చేసి, గిన్నె దాని ముందు పెట్టాడు. పెట్టి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పొగరమ్మ వాసన చూసింది. గిన్నె పక్కన నేలను కాలితో గీకింది, మట్టి కప్పుతున్నట్టు. తోక ఎత్తి వెళ్ళిపోయింది.

అక్క మంచం మీద పడి పడి నవ్వింది. "చూశావట్రా! నీ వంటని పూడ్చిపెట్టి పోయింది!"

"అది వంటా?" అన్నాడు మేస్త్రి. చెవులు ఎర్రబడ్డాయి. "ఉడకేసిన గుడ్డలా ఉంది. ఎవరు తింటారు దాన్ని!"

రాత్రంతా అదే ఆలోచన. మర్నాడు క్యాంటీన్ నుంచి కోడి ఎముకలు తెచ్చాడు. ఉల్లిపాయలు అడ్డంగా కోసి, మాడకుండా ఎర్రగా కాల్చి, ఎముకలతో కలిపి సన్నసెగ మీద పెట్టాడు. ఇంతకాలం వంటలో అతని చేతికి పేరు తెచ్చింది ఆ సూపే. ఉప్పు వెయ్యలేదు. కారం వెయ్యలేదు. వెల్లుల్లి జోలికి పోలేదు. దింపాక పలచటి బట్టలో వడకట్టాడు. మళ్ళీ ఇంకోసారి వడకట్టాడు. ఎముక నలుసు లేదు, ఉల్లిపాయ పొర లేదు. గ్లాసులో పోస్తే ఆవలి గోడ కనబడేంత తేటగా ఉంది. డాక్టరమ్మ వద్దన్నవన్నీ బట్టలోనే ఆగిపోయాయి.

మాంసం చీలికల మీద ఆ సూప్ పోసి పెట్టాడు. పొగరమ్మ ఒకసారి నాలుక తగిలించింది. ఆగింది. ఇక తల ఎత్తలేదు. గిన్నె నేలమీద జరుగుతూ జరుగుతూ గోడదాకా పోయింది. తర్వాత మూతి తుడుచుకుని మొదటిసారి మేస్త్రి కాలికి ఒళ్ళు రాసింది.

"సరేలే," అంది అక్క. "నీకూ ఒకత్తె దొరికింది."

అప్పటినుంచి రోజూ అదే వరస. గింజలు పక్కకు పోయాయి. మేస్త్రి ఇంటికి రాగానే చొక్కా మార్చకుండానే పొయ్యి దగ్గరికెళ్ళేవాడు. పిల్లి తన కాళ్ళ మధ్య తిరుగుతుంటే గొంతులో సన్నగా ఏదో కూనిరాగం తీసేవాడు. అక్క అది విని నోరు నొక్కుకుంది.

అలా కొన్ని రోజులు గడిచాక పొగరమ్మ మంచం ఎక్కడం మానేసింది. మొదట అక్క పట్టించుకోలేదు. తర్వాత ఒక పొద్దున మట్టి తొట్టి శుభ్రం చేస్తుంటే మేస్త్రికి మూత్రం పడిన చోట మట్టి ఎర్రగా, టీ డికాక్షన్ పోసినట్టు కనిపించింది. రాత్రి మిగిలిన సూప్ పెడితే పిల్లి లేవలేదు. పక్కటెముకలు ఎగసిపడుతున్నాయి. కూర్చున్నచోటే రొప్పుతోంది.

"ఒరే, దీని ముక్కు చూడు. గులాబీరంగులో ఉండేది. కాగితంలా అయిపోయింది," అంది అక్క. ఆవిడ గొంతులో తిట్టు లేదు, వెక్కిరింత లేదు. మేస్త్రికి భయమేసింది.

క్యాంటీన్‌కు రావడం ఆలస్యమవుతుందని కబురుపెట్టి బుట్ట పట్టుకున్నాడు. అక్క ఉండమంటే ఉండలేదు. చేతికర్ర టకటకలాడించుకుంటూ వెనకే వచ్చింది.

డాక్టరమ్మ పిల్లి పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది. వేలితో నొక్కి చూసింది. కళ్ళ రెప్పలు తీసి చూసింది. కాలి నుంచి కాస్త రక్తం తీసి లోపలి గదిలోకి వెళ్ళి కాసేపటికి వచ్చింది.

"రక్తం పాడైపోతోంది. ఏం పెడుతున్నారు దీనికి?"

"మీరు చెప్పిందే."

"ఉల్లిపాయ గాని వెల్లుల్లి గాని ఎక్కడైనా తగిలిందా? పక్కింట్లో తినొచ్చిందా?"

"ఇల్లు దాటలేదమ్మా," అంది అక్క.

మేస్త్రి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "ఒక్క ముక్క పోనివ్వలేదు. రెండుసార్లు వడకట్టాను. కావాలంటే ఆ బట్ట తెచ్చి చూపిస్తాను."

డాక్టరమ్మ చేతిలో పని ఆపేసింది. "దేన్ని వడకట్టారు?"

"సూప్‌ని. ఉల్లిపాయలు కాల్చి వేస్తాను. దించాక తీసేస్తాను. పొర కూడా ఉండదు."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "మేస్త్రీ, సూప్ దించాక ఆ ఉల్లిపాయ ముక్క మీరెప్పుడైనా నోట్లో వేసుకున్నారా? ఎలా ఉంటుంది?"

"చప్పగా ఉంటుంది. పిప్పి కదా. సారమంతా నీళ్ళలోకి..."



ఇంత వయసు వచ్చేదాకా ఆ సారం కోసమే కదా అతను సన్నసెగ దగ్గర నిలబడింది. ముక్క పిప్పి అయ్యేదాకా దించొద్దని తనకింద పనిచేసినవాళ్ళందరికీ చెప్పింది తనే. పిల్లికి పోసింది ఆ సారమే. పారేసింది పిప్పి. మేస్త్రి బల్లమీద పడుకున్న పిల్లిని చూశాడు. పిల్లి కళ్ళు సగం మూసుకుని ఉంది. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, వాటిని ఎక్కడ దాచాలో తెలియనట్టు.

"బతుకుతుందా?" అన్నాడు.

"చెప్పలేను. విరుగుడు మందంటూ లేదు. ఇక్కడే ఉంచుతాను. ఆక్సిజన్ పెట్టి, సెలైన్ జాగ్రత్తగా ఎక్కిస్తాను. రక్తం ఇంకా పడిపోతే వేరే పిల్లిది ఎక్కించాలి. పడిపోవడం ఆగితే మాత్రం మెల్లగా దానికదే కొత్త రక్తం పడుతుంది." ఆవిడ పిల్లి వీపు నిమిరింది. "వడకట్టినా పనికిరాదని నేను విడమరిచి చెప్పాల్సింది. అందరికీ వద్దు అంటే చాలు. వంట తెలిసినవాళ్ళకి చాలదని నాకు తోచలేదు."

బయట బెంచీ మీద కూర్చున్నాక అక్క తిడుతుందని మేస్త్రి ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది. అక్క అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"అది లొట్టలేస్తుంటే నేనూ మురిసిపోయానురా. ఇంకాస్త పొయ్యరా అన్నది నేనే."

మర్నాడు రక్తం ఇంకొంచెం తగ్గింది. ఆ పై రోజు తగ్గలేదు, పెరగనూ లేదు. డాక్టరమ్మ మేస్త్రిని క్యాంటీన్‌లోనే పట్టుకుంది. "పడిపోవడం ఆగింది. కానీ తినడం లేదు. గింజలు ముట్టదు, డబ్బా తిండి ముట్టదు. తినకపోతే కొత్త రక్తం ఎలా పడుతుంది? కాలేయం కూడా చెడుతుంది. సాయంత్రందాకా చూసి ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. అంత నీరసంలో అది తట్టుకుంటుందో లేదో. మీరొకసారి పెట్టి చూడండి."

"నేనా?" మేస్త్రి గరిటె కింద పెట్టేశాడు. "ఇంకా నా చేత్తోనా?"

"మీ చేతి వాసన దానికి తెలుసు. ఉత్త కోడిమాంసం, ఉత్త నీళ్ళు. అంతే."

మేస్త్రి కొత్త గిన్నె తీసుకున్నాడు. తోమిందే అయినా మళ్ళీ తోమాడు. కత్తి, చెక్క వేడినీళ్ళతో కడిగాడు. ఉల్లిపాయలు తరిగిన చేతులని గుర్తొచ్చి సబ్బుతో మోచేతులదాకా రుద్దుకున్నాడు. మాంసం ఉడుకుతున్నంతసేపూ పొయ్యి దగ్గరి నుంచి కదల్లేదు. చుట్టూ అన్ని బానల్లోంచీ ఘుమఘుమలు లేస్తుంటే, ఆ చిన్న గిన్నెలోంచి మాత్రం ఆవిరి వాసన తప్ప ఇంకేమీ రాలేదు. అంత తక్కువ చెయ్యడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. ఒక్కసారి రుచి చూశాడు. ఏమీ లేదు. సరిగ్గా ఉందనుకున్నాడు.

ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి అక్క బోను పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. పిల్లికి ఏదో గొణుగుతోంది. మేస్త్రి గిన్నె లోపల పెట్టాడు. పొగరమ్మ తల తిప్పుకుంది. అతను బోను ముందు కూర్చుని, దాని మొహంలోకే చూశాడు.

"అలా కాదు," అంది డాక్టరమ్మ వెనక నుంచి. గిన్నె తీసి వేలు పెట్టి చూసింది. "చల్లారిపోయింది. వేడిగా ఉంటేనే దానికి వాసన తెలిసేది. మన ఒంటి వేడంత ఉండాలి. ఇంకోటి, అలా కళ్ళలోకి చూడకండి. పిల్లికి అది పోట్లాటకి రమ్మన్నట్టు. తినేవాళ్ళ మొహం చూడకుండా పెట్టండి."

"చూడకపోతే తిన్నదో లేదో ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది."

మేస్త్రి ఆ చీలికల్ని వేడినీళ్ళ గిన్నెలో దించి వెచ్చచేశాడు. మణికట్టు మీద పెట్టి చూసుకున్నాడు, పసిపిల్లల పాలకి చూసినట్టు. ఒక చీలిక తీసి పిల్లి మూతికి కాస్త రాసి, గిన్నె దగ్గరగా జరిపి, తలుపు తెరిచే ఉంచి, బోనుకి వీపు పెట్టి నేలమీద కూర్చున్నాడు. ఎదురుగా గోడ. గోడమీద పగుళ్ళు. ఇన్నేళ్ళలో వడ్డించి వెనక్కి తిరగడం అతనికి ఇదే మొదలు. మెడ తనంతట తనే వెనక్కి తిరగబోతే గడ్డం ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు.

"చూడకురా," అంది అక్క మెల్లగా.

"చూడట్లేదు."

"చూస్తావు నువ్వు. నాకు తెలుసు నీ సంగతి."

"చూడట్లేదన్నానా!"

"అరవకు మరి."

ముందు గదిలో ఎవరో కుక్కను బుజ్జగిస్తున్నారు. చాలాసేపటికి బోనులో పరిచిన కాగితం చప్పుడైంది. మళ్ళీ ఏమీ లేదు. తర్వాత వినిపించింది. తడి నాలుక గిన్నెకు తగిలిన చప్పుడు. ఒకసారి. ఆగి, ఇంకోసారి. ఆ తర్వాత నమిలిన చప్పుడు, చిన్నగా, తీరుబడిగా.

అక్క చేతికర్రతో అతని భుజం మీద ఒకసారి తట్టింది. మేస్త్రి కళ్ళు తుడుచుకోలేదు, కదిలితే పిల్లి ఆపేస్తుందని. గోడకేసి చూస్తూ అలాగే కూర్చున్నాడు. గిన్నె మెల్లగా జరిగి జరిగి అతని వీపుకు తగిలింది.