మాధవయ్య గారి చిన్నక్షరాలు

నల్ల తెర ఉన్నన్నాళ్లూ మా కార్ఖానాలో ఎవరికీ ఏ బాధా లేదు. కంప్యూటర్‌లో ఏ పేరు కొట్టినా పెద్ద ఏబీసీడీల్లోనే చూపించేది. చిన్నవి కొట్టినా పెద్దవే. అందరినీ ఒక్కలాగే చూసే ఆ తెరను మార్చమని అడిగింది నేనే. చేజేతులా తెచ్చుకున్నాను.

మాది ఆళ్లగడ్డలో రాతి విగ్రహాల కార్ఖానా. మాది అనడం నోటి అలవాటు. యజమానులు ఉమామహేశ్వరరావు గారు, ఆయన తమ్ముడు మాధవయ్య గారు. నేను పదకొండేళ్లుగా వాళ్ల టైపిస్టును. ఎనభై తొమ్మిదిలో టైపు మిషన్ పోయి కంప్యూటర్ వచ్చింది. ఆ పని నేర్చుకోవడానికి నెలరోజులు నంద్యాలకు బస్సులో తిరిగాను.

ఒక శనివారం నంద్యాల కంప్యూటర్ షాపు పరంజ్యోతి వచ్చి కొత్త ప్రోగ్రాం ఎక్కించి పోయాడు. తెర నీలంగా మారింది. ఏ కాగితం ఎక్కడుందో వరసగా కనిపిస్తుంది, ఇక కమాండ్లు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. పెద్దాయన ఉత్తరాలు నలభై దాటాయని ఆయన పేరున ఒక డైరెక్టరీ చేశాను. డైరెక్టరీ అంటే కాగితాలు దాచుకునే పెట్టె. పేరు ఎనిమిదక్షరాలకు మించి పట్టదు కాబట్టి తోక తెగి UMAMAHES అని మిగిలింది. చిన్నాయనది ఒక్కటే ఉత్తరం, ఉత్త ఫైలు. అది కింద madhav అని కనిపించింది. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు.

సోమవారం మాధవయ్య గారికి కనిపించింది.

"ఏందమ్మా జీవరత్నం ఇది? మా అన్న పేరేమో ఇంతింత అక్షరాలు. నా పేరు చీమల మాదిరి పాకతాంది."

"అది మిషన్ చూపించేదే సార్. నేను చేసింది కాదు."

"మిషన్‌కు మా అన్న ఎవరో, నేనెవరో ఎట్ల తెలుస్తాది? కొట్టింది నువ్వు గదా!"

ఆ రోజు ఆయన సంతకం నాకు అత్యవసరం. బండి ఆత్మకూరు అనే ఊరివాళ్లకు ఆంజనేయస్వామి విగ్రహం చెక్కి ఇస్తామని ఒప్పుకోలు ఉత్తరం పంపాలి. అన్నదమ్ములిద్దరూ సంతకం పెట్టాలి. బుధవారం మధ్యాహ్నంలోగా అందకపోతే పని వేరే కార్ఖానాకు పోతుంది. పన్నెండు మంది శిల్పులకు మూడు నెలల పని అది. ఇప్పటికే వాళ్లు రాయి తెచ్చి పెట్టుకుని, చిల్లర పనులు చేసుకుంటూ ఎదురు చూస్తున్నారు.

"నా పేరు మార్చేదాకా సంతకం పెట్టను" అన్నారాయన.

ఆయన కళ్లముందే షిఫ్ట్ మీట పట్టుకుని పేరు పెద్దక్షరాల్లో కొట్టాను. తెర మళ్లీ చిన్నవే చూపించింది. ఇంకోసారి కొట్టాను. మళ్లీ చిన్నవే. ఇంకోసారి. ఆయన నా వైపు చూసిన చూపులో, మా అన్న నీకేం చెప్పి పెట్టినాడు అన్న ప్రశ్న స్పష్టంగా ఉంది. ఆ కంప్యూటర్‌ను ఎత్తి రాళ్ల మీద పడేద్దామా అనిపించింది.

మంగళవారం నంద్యాల బస్సెక్కాను. గంటకు పైగా నిలబడే ప్రయాణం. పరంజ్యోతి అంతా విని పగలబడి నవ్వాడు.

"అది అంతే అక్కా. పెట్టెకు పెద్దక్షరాలు, కాగితానికి చిన్నక్షరాలు. చూడంగానే తేడా తెలియాలని అట్ల పెట్నారు. లోపల రెండూ ఒకటే."

"లోపల ఒకటేనని మా మాధవయ్య గారికి నువ్వొచ్చి చెప్తావా?"

వాడు రాడు. ఆయనకూ ఒక పెట్టె చేసెయ్యమని సలహా మాత్రం ఇచ్చాడు.

బుధవారం పొద్దున్నే ఆయన పేరున డైరెక్టరీ చేసి, ఉన్న ఆ ఒక్క ఉత్తరాన్నీ అందులో పడేశాను. MADHAV అని వచ్చింది. మాధవయ్య గారు దగ్గరగా వచ్చి చూశారు, దూరంగా నిలబడి చూశారు, టీ తెప్పించుకుని తాగారు, సంతకం పెట్టారు. తొమ్మిది గంటల బస్సుకు ఇంకా అరగంట ఉంది. కండక్టర్ చేతికి కవరు ఇస్తే నా పని అయిపోయినట్టే.

అప్పుడు ఉమామహేశ్వరరావు గారు వచ్చారు. పెన్ను తీశారు, తెర చూశారు, పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"వీడి పేరు నా నెత్తి మీదికెట్ల వచ్చె?"

"ఎం ముందు వస్తుంది సార్, యూ తర్వాత."

"నిన్నటిదాకా వాడు చిన్నక్షరాల్లోనే ఉన్నాడు గదా. పెద్దోడెవరు, చిన్నోడెవరు అనేది ఉండొద్దా?"

"మిషన్ ముందర కూడా నన్ను తొక్కాలనే చూస్తావ్" అని మాధవయ్య గారు లేచారు. "చాలు. వేరు పడదాం."

"పడదాం పద!"

వేరు పడితే ఒకరికి కంప్యూటర్, ఒకరికి రాళ్లు, నాకు గేటు. బయట ఉలుల చప్పుడు కూడా ఆగిపోయింది. అందరూ వింటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"సార్, పదకొండేండ్ల నుంచి మీ ఇద్దరి పేరుతో పోయిన ప్రతి కాగితమూ నేనే కొట్టినా. ఈ తెర మీద నా పేరు యాడుందో చూపించండి. పెద్దక్షరాలు వద్దు. చిన్నవన్నా చూపించండి!"

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పెద్దాయన మాత్రం కళ్లజోడు సర్దుకుని, తెర మీద వేలు పెట్టి, పైనుంచి కిందిదాకా నిజంగానే వెతికారు. చిన్నాయన కూడా పక్కన వంగి వెతికారు. పేరు లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన గొంతు తగ్గింది.

"నిజమే రా. పాపం, ఆయమ్మి పేరే లేదు."

"పెట్టుకోమ్మా, నీదీ పెట్టుకో" అన్నారు చిన్నాయన.

పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించి, "చిన్నక్షరాల్లో" అన్నారు.

"ఆఁ, చిన్నక్షరాల్లో" అన్నారు చిన్నాయన వెంటనే.

అన్నదమ్ములిద్దరూ ఒక్కమాట మీదికి రావడం ఈ పదకొండేళ్లలో అదే మొదటిసారి. పెద్దాయన సంతోషంగా సంతకం పెట్టారు. నేను కవరు తీసుకుని బస్సు కోసం పరుగెత్తాను.