కేబులోడు తెచ్చిన కబురు

నూకయ్య కేబుల్ తీగ కత్తిరించిన పూట వర్క్‌షాపు సైరన్ కూస్తే బాగుండుననుకున్నాడు. అంత ఘనకార్యం చేసినట్టుంది అతనికి. ముప్పై ఆరేళ్ళు రైల్వే వ్యాగన్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏ వస్తువైనా విప్పి, లోపలేముందో చూసి, మళ్ళీ బిగించేదాకా ఊరుకోని చేతులవి. ఎవరూ చూడని చానెళ్ళు వంద అంటగట్టి, నాలుగు చినుకులు పడితే బొమ్మ మింగేసే ఆ నల్లతీగంటే అతనికి ఎన్నాళ్ళనుంచో కడుపుమంట. కొడుకు వైఫై పెట్టించాడు. దాంతోపాటు సినిమాలూ సీరియళ్ళూ వచ్చే యాప్‌లు నాలుగు, ఇంటిల్లిపాదికీ కొత్త సిమ్ములు. అది చాలదన్నట్టు నూకయ్య గోల్‌బజార్ నుంచి గొడుగు యాంటెన్నా ఒకటి తెచ్చి, కొడుక్కిచ్చిన రైల్వే క్వార్టరు డాబా మీద తనే బిగించాడు.

పైన అతను గొడుగు తిప్పుతూ అడుగుతుంటే కింద పెళ్ళాం దాలమ్మ టీవీ ముందు కూర్చుని జవాబులు కేకేసింది.

"వచ్చినాదా?"

"రాలేదు!"

"ఇప్పుడో?"

"నీలంగా ఉంది!"

"ఇప్పుడో?"

"ఒలమ్మో, వచ్చినాది! ఇంక ముట్టుకోకు, వొగ్గీ!"

సప్తగిరి చానెల్ కడిగిన అద్దంలా వచ్చింది. ఆ వారంలోనే ట్రాఫిక్ కాలనీలో వాళ్ళ వరసంతా నూకయ్య వెంట నడిచింది. పదకొండు డాబాల మీద పదకొండు గొడుగులు, అన్నీ ఒకే దిక్కుకి మూతులు చాచి. అన్నీ నూకయ్య చేత్తో బిగించినవే. ఊరికే చేశాడు, టీ కూడా అడగలేదు. పొగడ్త ఒక్కటే తాగాడు.

దాలమ్మ ఒక్కతే సణిగింది.

"మరి సావు కబుర్లో?"

ఆవిడ అడిగింది ఏలియా సంగతి. కేబుల్ ఏలియా నడిపే సొంత చానెల్లో రోజూ సాయంత్రం ఆరింటికి, పరాయి రాష్ట్రంలోని ఈ కాలనీ తెలుగువాళ్ళలో ఎవరు పోయినా వాళ్ళ ఫోటో, పేరు, ఏ షాపులో చేశారో, ఎన్ని గంటలకి ఎత్తుతారో అడుగున పాకుతూ వచ్చేది. దానికి ఏలియా పైసా తీసుకోడు. కేబుల్ రాకముందు ఆ పని అతని తండ్రిది. సైకిలేసుకుని ఇంటింటికీ వెళ్ళేవాడు. దానికో పద్ధతుంది. చావు కబురు తెచ్చినవాడు గేటు దాటడు. మంచినీళ్ళిచ్చినా ముట్టడు. ఇంటి ఆడమనిషిని పిలవమంటాడు, ఆవిడకే చెప్తాడు, చెప్పి వెనక్కి చూడకుండా పోతాడు. చర్చికెళ్ళే మనిషైనా శ్రీకాకుళం నుంచి మోసుకొచ్చిన ఆ పద్ధతిని ఏలియా తండ్రి ఎన్నడూ తప్పలేదు. టీవీలో కబుర్లు పాకడం మొదలయ్యాక కాలనీ అంతా ఆ పద్ధతిని మరిచిపోయింది.

"సచ్చినోల్ల మొకాలు సూడ్డానికి కేబులెట్టించుకోవాలేటే?" అన్నాడు నూకయ్య.

"అందరి సంగతీ నాకెందుకు? జోగమ్మప్పకీ నాకూ మాటుంది. నీకు తెల్దేటి?"

తెలుసు. తెలియనివాళ్ళెవరు? దాలమ్మా జోగమ్మా ఒకే ఏడు, ఒకే రైల్లో, పక్కపక్క ఊళ్ళ నుంచి కాపురానికొచ్చిన పెళ్ళికూతుళ్ళు. పందొమ్మిదేళ్ళు ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టారు. ఒకరికి పాలు పడకపోతే ఇంకొకరు పిల్లకి పాలిచ్చారు. ఇద్దరిలో ఎవరు పునిస్త్రీగా ముందు వెళ్తే, రెండో ఆవిడ తానం పోసి, ఒంటికి పసుపు రాసి, బొట్టు పెట్టి పంపాలని మాట. జోగమ్మ వాళ్ళు ఝపటాపూర్‌లో సొంతిల్లు కట్టుకుని వెళ్ళిపోయినా ఆ మాట అలాగే ఉంది. కలిసినప్పుడల్లా దాని మీదే ఎకసెక్కాలు. "నువ్వు ముందెళ్ళు, నాకు మోకాళ్ళు నొప్పి, నేను మెల్లగొస్తాను" అని ఒకరు, "నీ ఒంటికి కేజీ పసుపు సాలదే" అని ఇంకొకరు.

"జోగమ్మకేటి, గుండ్రాయి. మనిద్దర్నీ పంపి గాని ఎల్లదు," అని తీసిపారేశాడు నూకయ్య.

తీగ తెగిన పది రోజులకి ఏలియా ఒకసారి వచ్చాడు. కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, టీ తాగాడు. "అన్నా, నీ వరస సూసి పక్క వరస కూడా కత్తిరించేత్తంది. నువ్వొక్కడివి మళ్ళీ కేబుల్లోకొచ్చేత్తే మిగతావోల్లు ఆగుతారు" అని బతిమాలాడు. నూకయ్య అరగంట సేపు అతనికి యాంటెన్నా గొప్పలు చెప్పి పంపించాడు. ఆ సంగతి వరసంతా చెప్పుకుని నవ్వుకున్నారు.

రెండోసారి ఏలియా వచ్చింది వైశాఖంలో, ఒక బుధవారం పొద్దున. ఎండ అప్పటికే నెత్తి మాడుస్తోంది. నూకయ్య గేటు దగ్గర పక్కింటివాళ్ళ గొడుక్కి మర బిగించే విషయం చెప్తున్నాడు. చుట్టూ నలుగురు. ఏలియా మోపెడ్ ఆపి గేటు బయటే నిలబడ్డాడు.

"ఏటిరా ఏలియా, మళ్ళీ వచ్చినావు? ఎండన పడొచ్చినావు, రా, మంచినీళ్ళు తాగు. మా ఇంట్లో నీళ్ళూ ఉచితమే, టీవీ కూడా ఉచితమే."

నలుగురూ నవ్వారు.

"వొద్దన్నా."

"పోనీ లోపలికొచ్చి సూడు, బొమ్మెలా వొత్తందో."

"లోపలికి రానన్నా. వదినేదీ? వదిన్నొకసారి పిలు. బేగి రావాల."

నూకయ్యకి నలుగురి కళ్ళూ వీపు మీద చక్కిలిగిలి పెడుతున్నట్టున్నాయి. తన దగ్గర పప్పులు ఉడక్క, వీడిప్పుడు ఆడమనిషి ముందు కన్నీళ్ళు కార్చడానికొచ్చాడు! అప్పట్నించీ చావు కబుర్లు రావడంలేదని ఆవిడ ఏడుపు ఉండనే ఉంది.

"నా కాడ కుదరలేదని ఆడదాని కాడికొచ్చినావేటి, ఆ ఏడుపు మొకమేసుకుని?"

"అది కాదన్నా..."

"అదీ లేదు, ఇదీ లేదు. మేం రాం. తెగిపోనాది. తెగినదాన్ని నువ్వేటి అతికిస్తావు? పో, పో."

ఏలియా అతనికేసి చూశాడు. తలెత్తి డాబా మీద గొడుగుని చూశాడు. పక్కన నవ్వుతున్న నలుగుర్నీ చూశాడు.

"రామంటావు," అన్నాడు.

"రాం! రాసిమ్మంటావేటి?"

ఏలియా మోపెడ్ తిప్పాడు. వెనక్కి చూడలేదు.

పెరట్లో బట్టలు జాడిస్తున్న దాలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవురొచ్చినారు?"

"కేబులోడు."

"ఏటంట?"

"ఏటుంటాది? ఏడుపు," అన్నాడు నూకయ్య. ఆ మాటకి కూడా నలుగురూ నవ్వారు.

పది రోజులు పోయాయి. ఆవకాయ పెట్టిన దాలమ్మ చిన్న జాడీ నిండా కూరి, మూతికి గుడ్డ కట్టింది. "జోగమ్మప్పకి కొత్తావకాయంటే పేనం. మోకాలు నొప్పని నెల్రోజులై ఎల్లనేదు. తోడు రాయ్యా" అంది. నూకయ్య జాడీ ఒళ్ళో పెట్టుకుని టోటో అనే బ్యాటరీ రిక్షాలో ఆవిడ పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా డాబాల మీద గొడుగులు లెక్కపెడుతూ, "ఇక్కడ కూడా పెట్టేసినారు, సూసినావా?" అంటూనే ఉన్నాడు.

జోగమ్మ ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి. లోపల స్టూలు మీద జోగమ్మ ఫోటో. కొత్త ఫ్రేము, గంధపు దండ, ముందు దీపం. మూల మంచం మీద జోగమ్మ మొగుడు గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

దాలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఏడవలేదు. అర్థం కానట్టు ఫోటోకేసి, దీపంకేసి, మళ్ళీ ఫోటోకేసి చూసింది.

జోగమ్మ కోడలు చాందిని వంటింట్లోంచి వచ్చింది. "ఇప్పుడొచ్చినావా పెద్దత్తా," అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే ఎంతో బాగుండేది.

"ఎప్పుడే?"

"ఇయాల్టికి పది రోజులు. బుధవారం తెల్లారగట్ట లేచి గుండె నొప్పంది. ఆస్పత్రి దాకా కూడా ఉండలేదు. నూకయ్య మామ ఫోనుకి ఎన్నిసార్లు కొట్టినానో, నంబరు లేదంటాది."

పాత సిమ్ము నూకయ్య చొక్కా జేబులోనే ఉంది, పర్సులో, పాత ఐడీకార్డు వెనక. కొత్త నంబరు చాందినికి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

"మీ ఇంట్లో కేబులు లేదని తెలుసు గదా," అంది చాందిని. "అందుకని ఏలియా మామని మనిషినే పంపినాం. టీవీలో ఎయ్యడం తరవాత, ముందు పెద్దత్తకి సెప్పి రా అని. ఎల్లొచ్చి, వాళ్ళు రామన్నారని సెప్పినాడు. మాకు నమ్మబుద్ధి కాలేదు. పెద్దత్త రాకుండా ఉంటాదేటని మధ్యాన్నం మూడింటి దాకా ఉంచినాం. ఎండకి ఇంక ఉంచలేక... తానం నేనే పోసినాను. బజారు పసుపే రాసినాను."

నూకయ్యకి ఆ పొద్దుటి ఏలియా గుర్తొచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. మంచినీళ్ళు ముట్టలేదు. ఆడమనిషిని పిలవమన్నాడు. మోపెడ్ అయితేనేం, అచ్చం తండ్రిలాగే వచ్చాడు. పదేళ్ళ పిల్లాడప్పుడు నూకయ్య తన తాత చావు కబురు అలాగే, ఆ సైకిలు మనిషి నోట, అమ్మ కొంగు పట్టుకుని విన్నాడు. అన్నీ కళ్ళెదుటే జరిగాయి. వ్యాగన్‌కి ఎక్కడో సన్నటి బీటుంటే చప్పుడు విని పట్టుకునే మనిషి, ఇంతలేసి గుర్తులు చూసి నవ్వాడు.

మరి ఏలియా మాత్రం నోరు విప్పి ఒక్క ముక్క చెప్పలేడా? చెప్పగలడు. చెప్పలేదు. అబద్ధమూ ఆడలేదు. నూకయ్య నోట వచ్చిన మాటనే మూట కట్టుకుని జాగ్రత్తగా మోసుకెళ్ళి ఇక్కడ దింపాడు. ఇప్పుడెళ్ళి గల్లా పట్టుకుంటే, "గేటు కాడే నిలబడ్డాను, నీళ్ళు వొద్దన్నాను, ఇంకేటి సెప్పాలన్నా?" అంటాడు.

దాలమ్మ మెల్లగా మొగుడివైపు తిరిగింది. ఆవిడ కళ్ళల్లో ఆ బుధవారం పొద్దున కదిలి, పెరటి గుమ్మం దగ్గరికొచ్చి, తానడిగిన "ఏటంట?" దగ్గర ఆగింది.

చాందిని బీరువాలోంచి చిన్న గుడ్డమూట తెచ్చి దాలమ్మ చేతిలో పెట్టింది. "అత్త దాచిన పసుపుకొమ్ములు. వాళ్ళూరివి. ఇవి దాలమ్మే నూరాలి, ఇంకెవురూ ముట్టొద్దనేది. ముట్టలేదు."

ఆవకాయ జాడీ ఎవరూ అందుకోలేదు. నూకయ్య దాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకుని టోటోలో వెనక్కి తెచ్చాడు.

సాయంత్రం వేసవి గాలివాన, కాలబైశాఖి, కొట్టింది. అరగంటలో కొట్టి పోయింది గానీ వరసలో గొడుగులన్నీ మెడలు వాల్చేశాయి. "నూకన్నా, బొమ్మ పోనాదే!" అని నాలుగు డాబాల మీంచి కేకలు. నూకయ్యకి అవి వరంలా వినిపించాయి. ఇంట్లో ఆవిడ మొహం చూడక్కర్లేకుండా స్పానర్ తీసుకుని డాబా ఎక్కాడు.

మర వదులు చేసి, గొడుగు కాస్త తిప్పి, నోటి అలవాటున కేకేశాడు. "వచ్చినాదా?"

కిందనుంచి మాట లేదు.

ఇంకొంచెం తిప్పాడు. "దాలమ్మా, ఇప్పుడో?"

పక్క డాబా మీంచి ఎవరో "మాది వచ్చేసింది!" అన్నారు. అంతసేపూ తిప్పి, చూసి, మళ్ళీ తిప్పి, చివరికి మర బిగించి దిగాడు.

టీవీ పలుకుతూనే ఉంది. సప్తగిరిలో ఎవరో గుత్తొంకాయ కూర వండుతున్నారు. బొమ్మ ఎప్పుడొచ్చిందో ఏమో, కడిగిన అద్దంలా ఉంది. దాలమ్మ దానికి వీపు పెట్టి నేలమీద కూర్చుంది. ఒళ్ళో పసుపుకొమ్ముల మూట.

"నాకు తెల్దే దాలమ్మా," అన్నాడు నూకయ్య. "ఒట్టు. వాడు కేబులు కోసం వచ్చినాడనుకున్నాను."

ఆవిడ మూట ముడి మళ్ళీ బిగించింది.

"నేను పోయినప్పుడు ఎవురికీ కబురెట్టకు," అంది, గట్టిగా కాదు, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. "రావలసిన మనిషి లేదు. పసుపు నువ్వే రాయి. ఆ గొడుగు తిప్పిన సేతుల్తోనే రాయి."

లేచి, ఆ మూట తీసుకెళ్ళి టీవీ కింద యాంటెన్నా పెట్టె మీద పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.